రాహుకాలంలో కొత్త ఫోన్

డబ్బాలు చేతికొచ్చాయి గానీ ఒక్కరంటే ఒక్కరూ విప్పడం లేదు.

లక్సెట్టిపేటలో శ్యాంసుందర్ మొబైల్ షాపు ముందు తెల్లవారకముందే లైను కట్టిన జనం, ఇప్పుడు డబ్బాలు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద బుద్ధిగా కూర్చున్నారు.

"విప్పుండ్రి అన్నా! వీడియో తీస్తున్న" అని బతిమాలాడు అరుణ్.

"ఇయ్యాల శుక్కురారం. పదిన్నర నుంచి పన్నెండు దాక రాహుకాలం. కొనుడు పదింటికే అయిపాయె. ఇప్పుడు విప్పుతరా ఎవలన్న?" అన్నాడు అంతయ్య, డబ్బాను మరింత గట్టిగా పట్టుకుని.

"కంపెనీ పదిన్నరకే విప్పుమన్నది గదనే!"

"ఆళ్లకు ఫోన్ తయారుజేసుడు తెలుస్తది. పంచాంగం జూసుడు తెలుస్తదా?"

"కరీంనగరోళ్లు ముందుగాల విప్పి వీడియో పెట్టేస్తరే!"

"ఆళ్లకు మాత్రం వేరే రాహుకాలం ఉంటదా?"

అరుణ్ తల పట్టుకున్నాడు.

అతని బాధ అతనిది. యూట్యూబ్ చానల్ పెట్టి చాలా రోజులైంది, చూసేవాళ్లే లేరు. "ఈ ఫోన్ వీడియో గూడ నడువకపోతే మా అన్న వీసా పంపుతనంటుండు, సక్కగ మస్కట్ పో" అని భార్య వనజ పొద్దున్నే తేల్చి చెప్పింది.

ఈ ఫోన్ సంగతి వేరే మరి. ఏ దిక్కు మనుషులతో ఆ దిక్కు యాసలో మాట్లాడుతుందట! టీవీలో అదే, టీకొట్టులో అదే. కరీంనగర్, ఆదిలాబాద్ దిక్కుకు ఎవరి గొంతు పెట్టారో మాత్రం కంపెనీ బయటపెట్టలేదు. ఎవరో హీరోయినే అని ఊళ్లో సగం మంది పందెం కాశారు.

ఆ గొంతు ఎవరిదో అందరికంటే ముందు చెప్పగలిగితే చాలు, తన చానల్ నిలబడుతుందని అరుణ్ ఆశ.

ఇంతలో చేతిసంచితో ఒక పెద్దామె వచ్చి అతని పక్కన కూర్చుంది. ఆమె దగ్గర డబ్బా లేదు.

"ఎక్కడి నుంచొచ్చినవ్ అవ్వా?"

"ఉట్నూర్ దిక్కు బిడ్డా. నన్ను లస్మవ్వ అంటరు."

"ఫోన్ కొంటవా?"

"నాకెందుకు బిడ్డా? మంది ఏమంటరో ఇందామని వచ్చిన."

ఫోను కొనకుండా ముచ్చట వినడానికి ఇంత దూరం వచ్చిందా! అరుణ్‌కు నవ్వొచ్చింది.

లస్మవ్వ అంతయ్య వైపు తిరిగింది. "అన్నా, మన యాసల మాట్లాడితే మంచిగుంటదా?"

"హీరోయిన్‌కు మన యాస యాడొస్తది? వచ్చీ రాక మాట్లాడి ఇజ్జత్ తీస్తదేమోనని పరేషాన్ ఉన్నది."

"హీరోయిన్ గాకపోతే తిడ్తరా?"

"తిట్టుడెందుకు? మంచిగ లేకుంటే దాని నోరు మూసి పక్కకు పెడతం."

లస్మవ్వ ముఖం చిన్నబోయింది.

అరుణ్ కెమెరా అంతయ్య వైపు తిప్పాడు. ఆయన నాలుగు మాటలు చెప్పేలోగా మధ్యలో లస్మవ్వ రెండు ప్రశ్నలు వేసింది.

"అవ్వా, జర పక్కకు జరుగు. నీ గొంతు పడి వీడియో ఖరాబైతుంది."

"గా గొంతు ముచ్చటే చెప్దామని బిడ్డా..."

"నీ ముచ్చట తర్వాత ఇంట. ముందుగాల నా పని కానీ."

"సరే బిడ్డా, కానీ" అని ఆమె ఏమీ అనుకోకుండా పై మెట్టు మీదికి జరిగింది.

అరుణ్ ఆమె గొంతు పడిన ముక్కంతా అక్కడికక్కడే తీసిపారేశాడు.

కాసేపటికి ఆమె సంచి పట్టుకుని లేచింది. "ఉట్నూర్ బస్సుకు యాళ్లయింది. ఇది పోతే మళ్ల పొద్దుమూకినంకనే. మీ రాహుకాలం లేకుంటే ఇని పోదును."

"మంచిది అవ్వా."

"ఫోన్ ఇన్నంక మంది ఏమన్నరో నాకు చెప్తవా బిడ్డా?"

"వీడియో జూడు, అన్ని అండ్లనే ఉంటయి" అన్నాడు అరుణ్ తల తిప్పకుండానే.

పన్నెండైంది. శ్యాంసుందర్ కొబ్బరికాయ కొట్టాడు. పెళ్లిలో బంతి లేచినంత సందడిగా డబ్బాలు విప్పారు. మీటలు నొక్కగానే ఫోన్లలోంచి ఒక ఆడగొంతు పలికింది.

"రాం రాం! అందరు మంచిగున్నరా? నన్ను మీ ఇంటి మనిషే అనుకోండ్రి. ఏం గావాలెనో అడుగుండ్రి, తెలిసినకాడికి చెప్త."

మెట్ల మీద ఈలలు, కేకలు!

"అబ్బో! అచ్చం మా అవ్వ పిలిసినట్టున్నది!" అంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. "వాన ఎప్పుడొస్తదో చెప్పవ్వా!"

"ఐతారం దాక రాదు. బేఫికర్‌గ వడ్లు ఆరవోసుకో."

షాపంతా విరగబడి నవ్వింది. "హీరోయిన్ ఎవలకు గావాలె! గీమెనే మస్తున్నది!" అన్నాడు శ్యాంసుందర్.

అరుణ్ మాత్రం నవ్వలేదు. కెమెరా అంతయ్య చేతిలో పెట్టి బస్టాండు దిక్కు ఉరికాడు.

ఉట్నూర్ బస్సు వెళ్లిపోయింది.

రొప్పుతూ తిరిగొచ్చి కెమెరా అందుకున్నాడు.

"ఫోన్ ఎట్లున్నదో మళ్లొక్కసారి అందరు చెప్పుండ్రి, జర గట్టిగ. ఈసారి నా చానల్ కోసం గాదు."

"మరెవల కోసం?"

"ఇందాక నేను పక్కకు జరుగుమన్న అవ్వ కోసం" అన్నాడు అరుణ్, "మన ఫోన్లల్ల మాట్లాడేది ఆమెనే."