లోకం ముందే చూసిన గ్లాసు

"నువ్వు కాకపోతే ఇంకెవరు?"

ప్రొఫెసర్ గొంతుకి యూనివర్సిటీ పేటెంట్ల ఆఫీసులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆమె పక్కన నిలబడ్డ రీసెర్చ్ విద్యార్థి తల అడ్డంగా ఊపాడు.

"నేను కాదు మేడమ్. ఒట్టు."

ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఎర్రటి అక్షరాలు: 'ఇదివరకే బయటపడింది.' కింద, ఎవరో నెట్‌లో పెట్టిన వీడియో తాలూకు బొమ్మ. తెల్లటి గుడ్డ మీద ఒక గ్లాసు. చేతులు వణికేవాళ్ళు పట్టుకున్నా ఒలకని గ్లాసు అది. ప్రభుత్వ నిధులతో, యూనివర్సిటీ ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి కూర్చుని ఆమె కనిపెట్టింది.

"కొత్త పద్ధతి మేడమ్," ఆఫీసరు నొచ్చుకుంటూ అన్నాడు. "ఇదివరకైతే మీ కాగితాలు మా బీరువాలో హాయిగా నిద్రపోయేవి. ఇప్పుడు మీరు వివరాలు ఎక్కించగానే ఇది లోకమంతా గాలించేస్తుంది. మాకు చెప్పకముందే బయటపెట్టేస్తే ఇక పేటెంటుకి పంపలేం."

"పేటెంటు లేకపోతే ఏ కంపెనీ తయారుచేస్తుందండీ? నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరేగా!" ఆమె విద్యార్థి వైపు తిరిగింది. "ల్యాబ్ తాళాలు నీ దగ్గరే ఉంటాయి. ఎవరి మెప్పు కోసం నా నోట్లో మట్టి కొట్టావురా?"

"మేడమ్, మీరు నాకు అమ్మలాంటి..."

"ఆ మాటనకు. రేపటినుంచి ల్యాబ్ గడప తొక్కకు."

ఆమె సంతకం లేనిదే అతనికి డాక్టరేట్ రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను తాళాలు బల్ల మీద పెట్టి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"పెట్టినవాళ్ళ మీద కేసు వెయ్యొచ్చు," అన్నాడు ఆఫీసరు.

"వెయ్యండి. ఎవరైనా సరే, నేనే సాక్ష్యం చెబుతాను."

"అయితే వీడియో మొత్తం చూసి నమోదు చెయ్యాలి," అంటూ మౌస్ నొక్కాడు.

తెర మీద ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వణుకుతూ గ్లాసు ఎత్తింది. వేలి ఉంగరం చూడగానే ప్రొఫెసర్ గుర్తుపట్టింది. అత్తగారు! ఇంట్లో వాడి చూడమని ఇస్తే, "ఈ గ్లాసు కోసమా ఇన్నేళ్ళ చదువు?" అని పెదవి విరిచి మూలన పెట్టేసిన అత్తగారు. ఇన్నేళ్ళ కాపురంలో కోడల్ని ఒక్క మంచి మాట అని ఎరగని మనిషి.

ఆమె గబుక్కున లేచి గుమ్మం దాకా పరిగెత్తింది. కుర్రాడు ఎప్పుడో వీధి మలుపు తిరిగిపోయాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. అంత చదువుకున్న ఆమెకి అది ఇప్పుడు తెలిసొచ్చింది.

వెనక తెర మీద అత్తగారి గొంతు ఉత్సాహంగా చెప్పుకుపోతూనే ఉంది.

"చూశారా, చెయ్యి ఇంత వణికినా ఒక్క చుక్క కింద పడలేదు! మా కోడలు కనిపెట్టింది. నేను మెచ్చుకున్నానని దానికి మాత్రం చెప్పకండేం, నెత్తికెక్కి కూర్చుంటుంది!"