నూటికి ఎనిమిది

"మనిషివా, మెషీనువా?" అంది ఫోన్‌లో అవతలి గొంతు.

"మనిషినేనండీ," అన్నారు మాస్టారు.

టక్కున ఫోన్ పెట్టేసిన చప్పుడు. పక్కన కూర్చున్న కూతురు కాగితం మీద ఇంకో సున్నా చుట్టింది. అప్పటికి నలభై ఒక్క ఫోన్లు. సున్నాలు ముప్పై ఎనిమిది, టిక్కులు మూడు.

ఈ గోలంతా ఒక ఆటల కంప్యూటర్ గురించి. రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. మధ్యలో చిన్న తెర, దాని కింద వేలి గోరంత అక్షరాల మీటలు. పదకొండేళ్ల కిందట నాలుగు వేల మంది కొన్నారు. ఆ తర్వాత పట్టించుకున్న నాథుడు లేడు. తయారుచేసిన కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. ఆ కొత్త కంపెనీ ఇప్పుడు దాని ఆటలన్నిటినీ నడిపించే సర్వర్‌ను ఆపేస్తామంటోంది. సర్వర్ ఆగితే చేతిలో మిగిలేది ఉత్త ప్లాస్టిక్ డబ్బా.

వాడేవాళ్ల సంఘం ఒకటుంది. సంఘమంటే పెద్దగా ఊహించుకోకండి. కార్యదర్శి మాస్టారు, మిగతా సభ్యులు ఉలకరు, పలకరు. నాలుగేళ్ల కిందటిదాకా బళ్లో లెక్కలు చెప్పిన ఆ మాస్టారు కంపెనీకి తన గోడంతా నాలుగు పేజీలు రాశారు. "ఒక్కరి కోసం సర్వర్ నడపలేం. మూడు వందల మందైనా ఇంకా వాడుతున్నారని తేల్చండి, చూద్దాం," అని రెండు ముక్కల్లో జవాబొచ్చింది.

నాలుగు వేల మందికీ ఫోన్ చేయడం అయ్యే పని కాదు. అందుకని కొన్నవాళ్ల పాత జాబితాలోంచి కంపెనీయే ఓ వంద పేర్లు కళ్లు మూసుకుని ఏరింది. ఆ వందలో ఎనిమిది మంది వాడుతుంటే నాలుగు వేలలో మూడు వందల ఇరవై మంది వాడుతున్నట్టు లెక్క. గడువు మూడు రోజులు. ఎనిమిది వస్తే సర్వర్ ఉంటుంది. ఏడొస్తే మూడో రోజు సాయంత్రం ఆరింటికి ఆగిపోతుంది. మధ్యలో ఫోన్ పెట్టేసినవాళ్లంతా వాడనట్టే. మోసం జరక్కుండా కంపెనీ మనిషి ఒకాయన లైన్లో ఉండి వింటాడు.

"నాన్నా, ఇటివ్వు. నేను చేస్తాను," అంది కూతురు.

"వద్దు చిట్టీ. నా సంగతి నేనే మాట్లాడుకోవాలి."

మొండి మనిషి. ఫోన్ బల్ల మీద పెట్టి, వదిలితే పారిపోతుందన్నట్టు ఆ యంత్రాన్ని రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంటారు. 'నమస్కారమండీ' అని నిదానంగా మొదలుపెడతారు. అవతలివాళ్లు ఏదడిగినా కాస్త ఆగి, తల వంచుకుని, ఆచితూచి జవాబిస్తారు. ఈ రోజుల్లో అంత ఓపిక ఎవరికుంది? "మళ్లీ రికార్డింగు ఫోనే!" అని ఒకావిడ విసుక్కుంది. "మాకేం వద్దు, పెట్టేయ్," అని ఒకాయన కసిరాడు. ఒకడైతే నోటికొచ్చినట్టు తిట్టాడు.

"మీ ఓపికకి దణ్ణం పెట్టాలి మాస్టారూ," అన్నాడు కంపెనీ మనిషి. "ఎవరెంత తిట్టినా మీ గొంతు ఇసుమంతైనా లేవదు."

మాస్టారి చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. అవి ఫోన్లో కనపడవు కదా.

అసలు మాట్లాడినవాళ్లే లేరని కాదు. అటక మీద పడేశామన్నారు కొందరు. పిల్లాడు బకెట్లో ముంచాడన్నారు ఇంకొకరు. ఒక దర్జీ మాత్రం దాని పేరు వినగానే ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"ఎందుకు వాడనండీ! అందులో రాజుగారి ఆట ఉంది కదా! మొదట ఓ గంటసేపు మన గొంతు ఇచ్చామంటే, ఇక మనం ఏం టైపు కొడితే అది రాజుగారు మన గొంతుతోనే అంటాడు. మా ఆవిడతో పోట్లాటొస్తే నేను నోరు విప్పను. రాజుగారి చేత తిట్టిస్తా. నేనెక్కడన్నానే, ఆయన కదా అంది, అంటా!"

"నాదీ అదే ఆటండీ," అన్నారు మాస్టారు.

నాలుగో టిక్కు.

మూడో రోజు మధ్యాహ్నానికి తొంభై ఫోన్లయ్యాయి. టిక్కులు ఆరు. సగంలో పెట్టేసినవాళ్లే నలభై మందికి పైన. వాళ్లలో వాడేవాళ్లు ఇద్దరైనా ఉండరా? ఉండే ఉంటారు. లెక్కల మాస్టారికి ఆ సంగతి ఇంకొకరు చెప్పాలా? దుఃఖం ముంచుకొచ్చి, ఫోన్‌ను కూతురి వైపు జరిపారు.

మిగిలిన పదిమందిలో ఫోనెత్తినవాళ్లు ఒక్కరూ మధ్యలో పెట్టేయలేదు. శుభ్రంగా విన్నారు, మర్యాదగా చెప్పారు. అమ్మేశాం. పోయింది. ఎవరికో ఇచ్చేశాం. తొంభై ఏడో ఆవిడ నర్సు, రోజూ బస్సులో ఆడుకుంటానంది. ఏడు. తర్వాతి ఇద్దరూ సున్నాలు. నూరోది మోగి మోగి ఆగిపోయింది.

"ముందే నీకిచ్చుంటే బాగుండేది," అన్నారు మాస్టారు.

కూతురు ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఏడండీ," అన్నాడు కంపెనీ మనిషి. "నాలుగు వేలకి రెండు వందల ఎనభై. ఇరవై తక్కువ. నా చేతుల్లో ఏం లేదు మాస్టారూ, నేను వినడానికే ఉన్నాను. పోయేది ఆటేగా, మనసు కష్టపెట్టుకోకండి."

ఆరింటికి ఇంకా రెండు నిమిషాలున్నాయి. మాస్టారు కూతురి వైపు తిరిగారు.

"చిట్టీ."

"ఊఁ."

"చిట్టీ."

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. ఊరికే పిలవాలనిపించింది. చి..."

గడియారం ఆరు కొట్టింది.

"మాస్టారూ? లైన్లో ఉన్నారా?" కంపెనీ మనిషి కంగారుపడ్డాడు. "కోపమొచ్చిందా? తిడితే తిట్టండి, ఒక్క మాటైనా అనండి."

కూతురు కళ్లు తుడుచుకుని ఫోన్ దగ్గరికి వంగింది.

"నాలుగేళ్ల కిందట గొంతు తీసేసే ఆపరేషన్‌కి ముందు రోజు నాన్న తన గొంతుని ఆ రాజుగారి ఆటలో దాచుకున్నారండీ, ఇందాకటిదాకా మీతో మాట్లాడింది అదే."