మూత తియ్యని టెలిస్కోపు

“నా నీహారికకి ఫస్ట్ ప్రైజొచ్చిందోయ్!” అని వరహాలరావు ఫోన్లో అరిచాడు. వంటింట్లోంచి భార్య రత్నమాల అట్లకాడతో సహా వచ్చి, “ఎవరండీ ఆ హారిక?” అంది.

“మనిషి కాదే, ఆకాశంలో ధూళిమేఘం! మన టెలిస్కోపు మొన్న తీసిన ఫొటో!”

ఇప్పుడు విశాఖలో ప్రతి డాబా మీదా వాటర్ ట్యాంకు పక్కన ఒక టెలిస్కోపు ఉంది. మేఘాన్ని వెతకడం, వందల ఫొటోలు ఒకదానిమీద ఒకటి పేర్చడం, మచ్చలు కడగడం, రంగులద్దడం అన్నీ అదే చేసుకుంటుంది. యజమాని చేయవలసింది గొప్పలు చెప్పుకోవడం ఒక్కటే. చుక్కలు చూసేవాళ్లు లేరు, ఎదుటివాడికి చుక్కలు చూపించేవాళ్లే అందరూ.

“మొన్నెలా తీసిందండీ? వానొస్తుందని వారం కిందట నేనే దాని మూతికి మూత పెట్టాను. పొద్దున మేడమీద మిరపకాయలు ఆరబోస్తూ చూశాను, అలాగే ఉంది.”

వరహాలరావు ముఖం మాడిపోయింది. అంటే ఆ యంత్రం మూతలోని చీకటిని ఫొటో తీసి, తనకు తోచిన మేఘాన్ని అచ్చేసిందన్నమాట! పోటీ పెట్టిన కాలనీ సంఘంవాళ్లు బహుమతి కప్పు మీద అతని పేరు కూడా చెక్కించేశారు. నోరు మూస్తే కప్పు, విప్పితే ముప్పు.

సాయంత్రం కాలనీ సభలో కప్పు చేతికొచ్చే క్షణాన అతనికి ఉండబట్టలేదు. “నాకొద్దండీ! టెలిస్కోపుకి మూత తియ్యనేలేదు. ఇది ఫొటో కాదు,” అని జరిగిందంతా అందరికీ విడమరిచి చెప్పాడు.

రెండో బహుమతాయన మూడో బహుమతాయన వంక చూశాడు. న్యాయనిర్ణేత భద్రయ్యగారు మైకు చేత్తో మూసి, మెల్లగా అడిగారు.

“దానికి మూతుంటుందాండీ?”