నాయంగ్ వంతు

"ఆగు!" అంటూ నాయంగ్ కొత్త నర్సు హరిమ్ మణికట్టు పట్టేసుకుంది. సెలైన్‌లో కలపాల్సిన పొటాషియం మందు నేరుగా నరంలోకి పోబోతోంది. పోయి ఉంటే మంచం మీది ముసలాయన గుండె అక్కడికక్కడే ఆగిపోయేది.

చీఫ్ నర్సు మేంగ్ అప్పటికే గుమ్మంలో ఉంది.

"ఎవరి నిర్వాకం అది?"

హరిమ్ చేతిలోని సిరంజిని వెనక్కి దాచుకుంది.

"నాదే తప్పు మేడం. నేనే సరిగ్గా చెప్పలేదు," అంది నాయంగ్.

"నేర్పేదానివి నువ్వే ఇలా ఏడిస్తే అదేం నేర్చుకుంటుంది?"

"నా రోగులు నాకున్నారు మేడం. వాళ్ళను చూసుకుంటూ ఈ పిల్లకు నేర్పాలంటే రెండు కళ్ళు చాలడం లేదు. నేర్పినన్నాళ్ళూ సగంమందిని ఇంకెవరికైనా..."

"ఎవరికివ్వను? నేను చూడనా? మమ్మల్నీ ఇలాగే కాల్చుకుతిని నేర్పారు. చచ్చామా?" మేంగ్ గొంతు తగ్గించింది. "పోయినసారి వచ్చిన కొత్త పిల్ల ఏడ్చుకుంటూ పారిపోయింది. ఇదీ పోయిందంటే నీ వంతు మర్చిపో."

బుసాన్‌లోని ఆ ఆసుపత్రిలో నర్సులు కడుపుతో ఉండడానికీ వంతులే. ఒకరు కాన్పు సెలవు నుంచి తిరిగొచ్చాకే మరొకరు. ఈసారి వంతు నాయంగ్‌ది. అదీ, ఆమె చోట నిలబడడానికి హరిమ్ తయారైతేనే.

మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న హరిమ్ చేతిలో నాయంగ్ తాను తినడానికి తెచ్చుకున్న గిమ్‌బాప్ అన్నపు చుట్టల పొట్లం పెట్టింది.

"తిను."

"మరి మీకు, అక్కా?"

"ఆ నువ్వుల నూనె వాసన ఈమధ్య పడడం లేదే. నువ్వు తిను. మానేస్తావా ఏంటి?"

"మీరూ తిట్టుంటే ఈపాటికి మా ఊరి బస్సెక్కేదాన్ని." హరిమ్ ముక్కు తుడుచుకుని నవ్వింది. "మేడంతో చెప్తాను, మీలా నేర్పేవాళ్ళు లేరని."

"చెప్పు తల్లీ, గట్టిగా చెప్పు. నా వంతు ఖాయమవుతుంది."

సాయంత్రం మేంగ్ పిలిచింది. ఎన్నడూ లేనిది, ముఖం నిండా నవ్వు.

"ఆ పిల్ల నిన్ను తెగ పొగుడుతోందే! కొత్తవాళ్ళు నిలబడేది నీ దగ్గరే. వచ్చే నెల ఇంకో ఇద్దరొస్తున్నారు. వాళ్ళూ నీకే."

"మరి... నా వంతు?"

"నీ వెనక వంతులో ఉన్న సోల్బికి ఇచ్చేశా. దానికి నేర్పడం ఎలాగూ చేతకాదు, వెళ్తే నష్టమేముంది? నువ్వు ఆ తర్వాత కందువులే. ఇప్పుడేం కొంప మునిగింది?"

జేబులో నాయంగ్ పిడికిలి బిగిసింది. వంతు కోసం ఆగకుండా వచ్చేసిన బిడ్డ స్కానింగ్ ఫొటో అందులో నలిగింది.