చీర నేసిన చెయ్యి

ఆదోని కోర్టులో ఇన్సూరెన్సు కంపెనీ వకీలు సెల్‌ఫోన్ ఎత్తి చూపించాడు. వీడియోలో ఎమ్మిగనూరు నేతగాడు శేషన్న చీర పరిచి, "నేసింది నేనేన్నా, సూసుకో" అంటున్నాడు. ఆ రోజు చీర బేరానికని వచ్చి వీడియో తీసినవాడు కంపెనీ మనిషి.

"లారీ గుద్ది కుడిచేయి పడిపోయిందని పరిహారం అడుగుతాండావే. మరి కాలితో నేసినావా?"

అందరూ నవ్వారు.

చేయి పడిపోయినప్పటి నుంచి మగ్గం ఎక్కుతున్నది భార్య సరోజమ్మ. వాళ్ల వీధిలో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టాలి, మగవాళ్లు నేయాలి. పెళ్లాం నేస్తే కూర్చుని తింటున్నాడంటారని, శేషన్న అందరికీ తనే నేస్తున్నానని చెప్పుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితేనే పరిహారం. కానీ వెనక బెంచీలో వీధివాళ్లున్నారు. శేషన్న వాళ్ల వైపు ఒకసారి చూసి మొహం తిప్పుకున్నాడు.

చీర ఎవరు నేశారని జడ్జి సరోజమ్మను అడిగాడు. ఆమె భర్త వంక చూసింది.

"మా ఆయనే నేసినాడు సార్. నేను కండెలు సుట్టిచ్చినా, అంతే."

శేషన్నకు ముందు ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే తల వాలిపోయింది.

"అది రాసుకోవద్దు సార్," అన్నాడు నిలబడి. "చీర ఆమె నేసిందే. ఆమెకు నేసేది వచ్చినంత బాగా అబద్ధమాడేది రాదు. అది నా పని."