గాలికి ఎదురు పొగ

“పక్క లాండ్రీ గొట్టంలోంచి పొగ వస్తున్నట్టు పెట్టరా. దెబ్బకి మూయించేస్తా,” అంటూ బాబాయి ఫొటో ఇచ్చాడు. లేని నిందలు వేసి మా చెల్లి టీచరు ఉద్యోగం ఊడగొట్టిన నోరు అది.

“అక్కడ పొగే లేదుగా?”

“మరి నీ కంప్యూటరు దేనికిరా?”

పగ తీర్చేది తానేనన్నాడు ప్రభువు. ఆయనకు నేనూ ఓ చెయ్యి వేశాను.

అడుగున చిక్కగా, పైన పలచగా పొగ పరిచాను. చూస్తేనే దగ్గొచ్చేలా దుమ్ము చల్లాను. ఫొటోలో దండెం మీది చొక్కాలు కుడికి ఎగురుతుంటే, పొగను ఎడమకు వంచాను.

బాబాయి ఆ ఫొటోతో మున్సిపాలిటీలో ఫిర్యాదు చేసి, విచారణకు నన్నూ లాక్కెళ్ళాడు. అధికారి నవ్వాడు. “గాలి రెండు వైపులా వీచిందా? ఇది దొంగ ఫొటో.”

“నిప్పు లేనిదే పొగ వస్తుందా సార్?” అన్నాడు బాబాయి. బళ్ళో చెల్లి గురించీ ఇదే అన్నాడు.

“వస్తుంది బాబాయ్,” అన్నాను. “మా చెల్లికి నువ్వు పెట్టలేదూ?”