మల్లెపాదు మీద పగ

లీలమ్మ ఆ రోజు పెట్టిన కేక నర్సీపట్నంలో బయలుదేరి కృష్ణదేవిపేట దాకా వినిపించింది. ఇందులో రవ్వంత కల్పన లేదు, మీరు నమ్మి తీరాలి.

"ఓ జ్ఞానరాజు బావా! నా మల్లెపాదు జోలికొస్తావేటి? సెయ్యెట్టి సూడు!"

జ్ఞానరాజు అడిగింది పెద్ద కోరికేం కాదు. రిటైరైన లారీ డ్రైవరు. చలి వెళ్ళిపోతోంది గదా అని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గోడవారన సొరగింజలు పెట్టాడు. మొలకలు రెండాకులు వేశాయో లేదో, పక్కింటి మల్లెతీగ గోడ దాటొచ్చి నీడ పరిచేసింది. "ఇటు పడ్డ తీగలు కాస్త లాక్కో లీలమ్మా" అన్నాడు. అంతే.

"నీ సేతి గింజ మొలవడమే ఎక్కువ! రేపు పిందె బయటికొచ్చి, నీ మొకం సూసి మళ్ళీ లోపలికెళ్ళిపోద్ది!"

కుళాయి దగ్గరున్న ఆడాళ్ళంతా గొల్లుమన్నారు. రోజారమణి అయితే నిండు బిందె కింద పెట్టి మరీ నవ్వింది. జ్ఞానరాజు మీసం వణికింది.

"నరికేత్తాను లీలమ్మా, సెప్తన్నాను!"

"ఏటీ, మోకాలెత్తుకి నరికేత్తావా? ఒక్కాకు లేకుండా దూసేత్తావా? దుయ్యి సూద్దాం! ఏసవంతా నా పొయ్యి ఎలిగేది ఆ పూల మీదేనని ఊరందరికీ తెలుసు. ఆదివారం నాను సర్చికెళ్తాను. గేటుకి తాళం కూడా ఎయ్యను. నీకంత దమ్ముందా?"

కృష్ణదేవిపేట దాకా అన్నాను గానీ, అది కాస్త ఎక్కువైంది లెండి. మూడిళ్ళవతల ఈశ్వరరావు టీ బడ్డీ దాకా వినిపించింది. పరువు పోవడానికి అంత దూరం చాలు.

ఆదివారం జ్ఞానరాజు మోకాలు పట్టేసిందని చర్చి మానేశాడు. ఈస్టరుకి ముందు ఉపవాసాలుండే లెంటు రోజులు. పైగా ఆ వారం పాస్టరుగారి ప్రసంగం క్షమాపణ మీద. అది విని మనసు మెత్తబడిపోతే పగ ఏమైపోవాలి?

గంట మోగగానే సానబెట్టిన కత్తితో లీలమ్మ గేటు తోశాడు. తన వైపు వచ్చిన తీగలు మాత్రం కోసి ఊరుకుందామనే అనుకున్నాడు. కానీ పిందె, మొకం, రోజారమణి బిందె గుర్తొచ్చాయి. మొత్తం పాదు మోకాలెత్తుకి నరికేశాడు. మిగిలిన మోళ్ళకి ఒక్క ఆకు లేకుండా దూసేశాడు. అరచేతులు చీరుకుపోయినా ఆగలేదు. పాదులో మన్ను బీటలు తీసి ఉంది. "తిట్టడానికే తప్ప నీళ్ళెట్టడానికి తీరికేదీ ఈవిడికి" అనుకున్నాడు. కోసిన కొమ్మలు అక్కడుంటే ఏ మూలో మళ్ళీ బతుకుతాయేమోనని ఒక్క పుల్ల వదలకుండా ఈడ్చుకెళ్ళి ఊరవతల పారేసొచ్చాడు.

లీలమ్మ వచ్చి చూసింది. గుమ్మంలో కూలబడి మొహానికి కొంగడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. గోడ మీంచి అది చూసిన జ్ఞానరాజు ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

ఈస్టరుకి పాయకరావుపేట నుంచి లీలమ్మ కూతురు జెన్నీ వచ్చింది. ఆ తెల్లారి జ్ఞానరాజుని వాసన లేపింది. గోడ దగ్గరికెళ్ళి తొంగి చూశాడు. తను చంపిన పాదు మీద ఆకుకి చోటు లేకుండా మొగ్గలే. తల్లీకూతుళ్ళు బుట్టలకెత్తుతున్నారు. గబుక్కున తల దించుకున్నాడు గానీ చెవులు దించుకోలేదు.

"ఇన్ని పూలేటమ్మా! పాదు నరకడానికి మనుషులు దొరకట్లేదన్నావు. ఎవరిచేత నరికించావు?"

"దొరక్కేటే, పక్కనే ఉన్నాడు మీ మావయ్య. మల్లె ఇరగబూయాలంటే ఎండగట్టి నరికి ఆకు దుయ్యాలి గదా, ముందు నీళ్ళాపి పాదుని ఎండగట్టాను. తర్వాత ఆయన్ని తిట్టి సర్చికెళ్ళిపోయాను. కొలతెట్టినట్టు కోశాడు, ఆకు దూశాడు, సెత్త కూడా తనే ఎత్తుకెళ్ళాడు. బంగారంలాంటి మనిషి!"

"మరి గుమ్మంలో కూర్చుని ఏడ్చావంట?"

"నవ్వాగక సచ్చాను!"

"కిందటేడు మునగచెట్టు ఎదురింటి గోవింద్ చేత కొట్టించినట్టేనా?"

"ఆడికి ఒక్క తిట్టే. మీ మావయ్యకి కాసిని ఎక్కువ ఖర్చయ్యాయి."

గోడకివతల జ్ఞానరాజు చెవుల్లోంచి పొగలొచ్చాయి. అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు. వచ్చే ఏడు ఎన్ని మాటలన్నా ఆ పాదు మీద ఒక్క ఆకు కూడా ముట్టుకోకూడదు. కోసే దిక్కులేక పాదు ముదిరిపోవాలి. ఒక్క మొగ్గ కోసం లీలమ్మ నిజంగా ఏడవాలి.

ఏడాది తిరిగింది. చలి తగ్గింది. లీలమ్మ గోడ దగ్గరికొచ్చి మొదలెట్టింది. సొరపాదుని అంది, మీసాన్ని అంది, ఆయన నడిపిన లారీని కూడా అంది. జ్ఞానరాజు చేతులు జోడించి "వందనాలు లీలమ్మా" అని లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. కత్తి అటకెక్కింది. ఆ వేసవి లీలమ్మ పాదు మీద ఆకులే ఆకులు. పగంటే అలా తీర్చుకోవాలి!

అన్నీ నిజాలే గానీ, ఆ తలుపేసుకోవడం దగ్గర్నుంచి నేను కల్పించింది. వందనాలన్న మాట మాత్రం అన్నాడు. దానికి లీలమ్మ "పోన్లే బావా, ముసలోడివైపోయావు, ఇంక నీ వల్ల కాదు, గోవింద్‌ని పిలుస్తాను" అంది.

ఈసారి ఆదివారం దాకా కూడా ఆగలేదు జ్ఞానరాజు.